సంచిలో గొలుసు ఉందా

చివరి దృశ్యం ఇది. పనిమనిషి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటుంది. సాక్ష్యం దొరక్కపోవడంతో పోలీసులు ఆమెను వదిలేశారు. ఇన్‌స్పెక్టరు కింద నిలబడి ఆమెనే చూస్తుంటాడు. ఆమె ఒళ్లో ఒక గుడ్డసంచి. బస్సు కదిలి ఊరు దాటాక ఆమె సంచి మూతి విప్పి లోపలికి చూస్తుంది. చాలాసేపు చూస్తుంది. తర్వాత మొహం పైకెత్తుతుంది. అది నవ్వో ఏడుపో చెప్పలేం. అక్కడే బొమ్మ ఆగిపోయి, దాని మీద పేర్లు పడతాయి. సంచిలో ఏముందో మనకు చూపించరు.

ఆరు నెలల పాటు ప్రతి శుక్రవారం సాయంత్రం మేము చూసిన సీరియల్ ఇలా ముగిసింది. కథ మొదట్లో ఒక బంగళాలో డబ్బున్న ముసలావిడను ఎవరో చంపేస్తారు. ఆమె మెడలో గొలుసు మాయమవుతుంది. కొడుకు మీద కొన్ని వారాలు, మేనల్లుడి మీద కొన్ని వారాలు అనుమానం నడిచి, చివరికి అందరి వేళ్లూ పనిమనిషి వైపు తిరుగుతాయి. గొలుసు మాత్రం దొరకదు.

సీరియల్ తీసినవాడి మీద నాకు కోపం లేదు. వాడి పని వాడు చేసుకున్నాడు. నాకు రోత పుట్టేది దాన్ని కూర్చుని చూసిన మా మీద, అందులోనూ ముందు నా మీద. ఇప్పటికీ ఎవరైనా సినిమా చూసొచ్చి "ఇంతకీ చివర్లో ఏమైనట్టు?" అని నన్నడిగితే ఒళ్లు మండుతుంది. తెలుగు టీచర్ని కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఒకప్పుడు నాకూ ఆ నమ్మకమే ఉండేది.

తొంభైల చివర మేము కిషన్‌బాగ్‌లో ఒక పాలవాళ్ల ఇంట్లో మేడమీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్లం. మావారు గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. బదిలీ మీద కోస్తా నుంచి వచ్చాం. నాకు దగ్గర్లోనే ఒక ప్రైవేటు హైస్కూల్లో ఉద్యోగం దొరికింది. కింద ఇంటివాళ్లు ఉండేవారు. వెనక కొట్టంలో తొమ్మిది బర్రెలు. మొదటి నెల ఆ పేడ వాసనకు ముక్కు మూసుకున్నాను, రెండో నెలకు అలవాటైపోయింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడనడానికి నేనే సాక్ష్యం.

మాకు టీవీ లేదు. శుక్రవారం సాయంత్రం పాలు పిండడం అయ్యాక కింద హాల్లో అందరం చేరేవాళ్లం. ఇంటాయన మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చునేవాడు. ఇంటామె పీట మీద. మా ఇద్దరికీ ప్లాస్టిక్ కుర్చీలు వేసేవారు. ఆ ఇంట్లో పనిచేసే ఆమె మాత్రం గడప దగ్గర, తలుపుకు వీపు ఆనించి, సగం లోపలా సగం బయటా కూర్చునేది. అక్కడ కూర్చోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అలాంటివి ఎవరూ చెప్పనక్కర్లేదు.

పనామెకు నలభై ఏళ్లుంటాయేమో. రెండు గల్లీల అవతల బస్తీలో ఉండేది. మొగుడు రెండేళ్లుగా మంచం మీద ఉన్నాడు, ఇద్దరు ఆడపిల్లలు, సంపాదించేది ఆమె ఒక్కతే. ఈ ఇంట్లో బోళ్లు తోమి, కొట్టంలో పేడ ఎత్తి, అదే గల్లీలో ఇంకో రెండిళ్లలో పనిచేసేది. పాత చీర చింపి కుట్టుకున్న సంచి ఒకటి ఎప్పుడూ చంకలో ఉండేది. అందులో ఒక స్టీలు డబ్బా. మిగిలిన అన్నం, కూర అందులో పెట్టించుకుని ఇంటికి తీసుకెళ్లేది.

ఆ శుక్రవారం తెరమీద పేర్లు పడగానే ఇంటాయన మంచం మీంచి దిగ్గున లేచాడు. కేబుల్‌వాడు మధ్యలో తీసేశాడని ఆయన అనుకున్నాడు. గుమ్మంలోకి వెళ్లి ఎదురింటి కేబుల్‌వాడిని కేకేశాడు.

"ఏం భాయ్, ఆఖరి ముక్క కోసేసినవేంది? పైసల్ తీస్కుంటలేవా నెలనెలా?"

కేబుల్‌వాడు చేతిలో రొట్టెముక్కతోనే బయటికొచ్చాడు. "మై క్యా కరూఁ అన్నా, ఉనోచ్ ఖతం కర్ దియే. ఆల్లే ఖతం చేసిన్రు, గింతనే ఉంది. గల్లీ మొత్తం నాకే ఫోన్లు కొడుతున్రు" అని మొత్తుకున్నాడు.

ఒక హత్య జరిగి, ఆరు నెలలు నడిచి, హంతకుడెవరో చెప్పకుండా ముగించే కథ ఉంటుందంటే ఆ ఇంట్లో ఎవరూ నమ్మలేకపోయారు. "గిదేం మోసం!" అన్నది ఇంటామె. తర్వాత నా వైపు తిరిగింది.

"టీచరమ్మా, మీరు చెప్పున్రి. గా సంచిల ఏమున్నట్టు?"

నిజం చెప్పాలంటే నేను ఆ ప్రశ్న కోసమే కాచుక్కూర్చున్నాను. పదో తరగతి పిల్లల చేత సందర్భసహిత వ్యాఖ్యలు రాయించే మనిషిని. ఈ మాట ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారు, ఇందులో భావం ఏమిటి, రోజంతా నాకు అదే పని. పుస్తకంలో లేనిది కూడా లాగి చెప్పగలనని నాకు పేరు. గొంతు సవరించుకున్నాను.

"మొదటిది, స్టేషన్ నుంచి వచ్చేటప్పుడు సంచి చేతికి మామూలుగా వేలాడుతోంది. బస్సెక్కాక రెండు చేతులతో పొదివి పట్టుకుంది. రెండోది, ఇన్‌స్పెక్టరు కంటికి కనిపించినంతసేపూ దాన్ని విప్పలేదు." అక్కడ కాస్త ఆగాను. క్లాసులో ముఖ్యమైన మాట ముందు అలాగే ఆగుతాను. "మూడోది చూడండి. ఇన్ని వారాల్లో ఆ మనిషి ఒక్కసారైనా గట్టిగా ఎదురు చెప్పిందా? తప్పు చేయనిదైతే అరిచి గోల చెయ్యదూ? అంత నిమ్మళంగా ఎందుకుంటుంది? గొలుసు సంచిలోనే ఉంది."

"వాహ్!" అన్నాడు ఇంటాయన. "గందుకే సదువుకోవాలంటరు."

పొంగిపోయాను. ఎంతగా పొంగిపోయానంటే, అక్కడితో ఆగకుండా, చివరి బెంచీ పిల్లను లేపినట్టు గడప దగ్గరి పనామె వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అన్నాను. ఆమె అభిప్రాయం కోసం కాదు. నేనెంత పెద్దమనసున్న దాన్నో అందరికీ తెలియాలని.

ఆమె మొదట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మెల్లగా అంది.

"గొలుసు గాదు టీచరమ్మా. గామెనే తీసుకుంటే లోపట ఏమున్నదో గామెకెరుకనే గదా. మల్ల విప్పి చూసుడెందుకు? గా ఇంటోల్లు ఏమన్న పెట్టిన్రేమోనని చూసుకున్నది. ఏం లేదు. గందుకే నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది."

అదే సరైన జవాబని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. బస్సు ఊరు దాటేదాకా ఎందుకు ఆగిందో, అంతసేపు ఎందుకు చూసిందో, ఆ మొహం అలా ఎందుకుందో అన్నీ అందులో సరిపోయాయి. ఇరవై ఏళ్లు పద్యాలకు అర్థాలు చెప్పినా నాకు తట్టనిది ఆమెకు తట్టింది. నాకు సిగ్గు వెయ్యలేదు, చిరాకేసింది.

"అలా కాదులే, సీరియళ్లవాళ్లు అంత దూరం ఆలోచించరు" అని నవ్వి కొట్టిపారేశాను. పిల్లల పేపర్ల మీద ఎర్ర పెన్నుతో కొట్టేసినప్పుడు ఎంత తేలికగా ఉంటుందో అంతే తేలికగా.

ఇంటామె మాత్రం కొట్టిపారేయలేదు. పీట మీంచి ముందుకు వంగింది. "నీకెట్ల తట్టిందే గది?"

"నాకయింది గదమ్మా" అంది పనామె. తనవాళ్ల మధ్య కూర్చున్నాననుకుంది, పాపం. ఈ గల్లీకి రాకముందు సైదాబాద్‌లో ఒక ఇంట్లో పనిచేసేదట. ఆ ఇంట్లో పసిపాప వెండి పట్టీలు కనిపించలేదట. సంచి రోడ్డు మీద బోర్లించారట. "పట్టీలు నా సంచిల్నే దొరికినయి. నేనైతే పెట్టలే. పెద్ద పిల్ల ఆడుకుంట ఏసిందో, ఎవరేసిన్రో, దేవునికెరుక. అప్పటిసంది యాడ పనిజేసినా తొవ్వల నిలబడి ఒకపారి సంచి చూసుకుంట."

అంతా చెప్పి, డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె గేటు దాటిందో లేదో ఇంటామె మొదలుపెట్టింది.

"సూసిన్రా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదా?"

"నిప్పు లేంది పొగొస్తదా" అన్నాడు ఇంటాయన.

మావారు నా వైపు చూశారు. నేను టీవీలో వస్తున్న సబ్బు ప్రకటన చూస్తున్నాను.

మర్నాడు పొద్దున్నుంచే మొదలైంది. ఆ గల్లీలో పాలు పోయించుకునేవాళ్లు తెల్లవారకముందే గిన్నెలు పట్టుకుని కొట్టం దగ్గర నిలబడేవారు. కళ్లముందు పిండితేనే పాలు తీసుకునేవారు. పిండే ముందు ఇంటాయన బకెట్‌ను అందరికీ కనిపించేలా బోర్లించి, అడుగున అరచేత్తో తట్టి, నీళ్లు లేవని చూపించాలి. అది ఆ వృత్తిలో రివాజు. కానీ ఎవరైనా ఆలస్యంగా వచ్చి "మళ్లొకసారి చూపెట్టన్నా" అంటే ఆయనకు చిర్రెత్తుకొచ్చేది. "గిన్నేండ్లసంది పోస్తున్న, గింత నమ్మకం లేదా? నేనేమన్న దొంగనా?" అని లొల్లి చేసేవాడు. బర్రెలు కూడా బెదిరేవి.

ఆ రోజు ఆయన అలా లొల్లి చేస్తుండగానే, నాలుగడుగుల దూరంలో బట్టలుతికే బండ మీద ఇంటామె పనామె సంచి బోర్లించింది. డబ్బా, తువ్వాలు, మొగుడి మందుల చీటీ, అరిగిపోయిన దువ్వెన పడ్డాయి. గిన్నెలు పట్టుకున్నవాళ్లంతా చూశారు. "ఏం లేదుతియ్, బువ్వ సరిపోయిందా అని సూస్తున్న" అంది ఇంటామె. పొద్దున ఖాళీ డబ్బాలో ఏం బువ్వ ఉంటుంది? ఆ మాట అడిగినవాళ్లు లేరు. బకెట్ గురించి అంత రేగిపోయిన మనిషి సంచి దగ్గరికొచ్చేసరికి "సూసుకుంటే తప్పేంది, అందరికీ మంచిదే గద" అన్నాడు. నేను మెట్ల మీద కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. కాఫీ చల్లారకుండా తాగాను కూడా.

పాల దగ్గర చెప్పిన మాట గల్లీ అంతా తిరగడానికి ఒక్క పూట చాలు. మిగిలిన రెండిళ్లలో ఒకరు ఆ వారమే ఆమెను మానిపించారు. కారణం చెప్పలేదు. ఎవరి ఇంట్లోనూ పిన్నీసు కూడా పోలేదన్న సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. దొంగతనం అనేదే జరగలేదు. ఒక సీరియల్ ముగిసింది, అంతే. అయినా ఇళ్లల్లో తాళాలు పడ్డాయి, గుసగుసలు మొదలయ్యాయి, అందరి మొహాల్లోనూ ఏదో పండగ కళ. ఆరు నెలలు టీవీలో వెతికిన దొంగ సొంత గల్లీలోనే దొరికిందన్న సంబరం.

వారం తిరిగాక ఆదివారం మధ్యాహ్నం పనామె మేడమీదికి వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"టీచరమ్మా, మీరు చెప్తే ఇంటరు. గా సంచిల గొలుసు లేదని ఒక్క మాట చెప్పున్రి."

నాకు నవ్వొచ్చింది. "అది కథ కదా! కథలో గొలుసుకీ నీకూ ఏమిటి సంబంధం?"

"గదే గదా నేననేది. కథనే. అండ్ల ఉంటే మీకేంది, లేకుంటే మీకేంది? లేదనున్రి. గీ ఇల్లు గూడ పోతే మందులకేడికెల్లి తేవాలె?"

నా నవ్వు ఆగిపోయింది. ఆమె అడుగుతున్నది ఎంత చిన్న విషయమో చూడండి. ఎప్పుడూ లేని ఒక గొలుసు, ఎప్పుడూ లేని ఒక సంచిలో లేదని చెప్పాలి. పైగా అది లేదని నాకు తెలుసు. ఆమె చెప్పినప్పుడే తెలుసు. "సరే, చెప్తాను" అన్నాను.

"మనకెందుకే ఈ గొడవ?" అన్నారు మావారు. ఆయనకు ఆ మాట తప్ప ఇంకో మాట రాదని విసుక్కుని, ఆ సాయంత్రమే కిందికి దిగాను.

ఇంటామె నల్లా దగ్గర ఉంది. రెండు రోజులకోసారి, అరగంట వచ్చేవి నీళ్లు. ముందు వాళ్ల డ్రమ్ములు, తర్వాత బర్రెల తొట్టి, ఆ తర్వాత ఆమెకు దయ కలిగితే మా బిందెలు. ఆ రోజు నన్ను చూసి తన డ్రమ్ము నిండకముందే పైపు తీసి నా బిందెలో పెట్టింది. అంత మర్యాద చేసిన మనిషితో, నేను చెప్పింది తప్పు, నీ పనిమనిషి చెప్పిందే ఒప్పు అనాలి. అంటే నువ్వు అందరి ముందూ సంచి బోర్లించింది తప్పు అని కూడా అనాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎవరికీ కోపం రాని మాట ఒకటి నా చదువు నాకు అందించింది.

"ఆ సీరియల్ గురించి మళ్లీ ఆలోచించానండీ" అన్నాను. "వాళ్లు కావాలనే తేల్చకుండా వదిలేశారు. గొలుసు ఉండొచ్చు, లేకపోనూవచ్చు. ఎవరికి ఎలా తోస్తే అలా అనుకోవచ్చు."

"గంటే ఉండచ్చు గదా?" అంది ఇంటామె.

"ఉండొచ్చు."

"గదే నేనంటున్న."

నా రెండు బిందెలూ నిండాయి. పైకి మోసుకొచ్చాను. ఎంత నాజూకైన మాట చెప్పానో అని మెట్లెక్కుతూ కాసేపు మురిసిపోయాను కూడా, ఛీ! అబద్ధం ఆడి ఉంటే నయం. అబద్ధానికి కనీసం ఒక పక్షం ఉంటుంది. తెలిసిన నిజాన్ని రెండు వైపులా సమానంగా తూచి, చేతులు దులుపుకుని, బిందెలు నింపుకుని వచ్చిన నా అంత నీచం ఆ గల్లీలో ఇంకొకటి లేదు.

నెల తిరక్కముందే ఇంటామె ఆమెను మానిపించింది. "ఏం పోలే టీచరమ్మా, పోయినంక ఏంజేస్తం? ముందుగాల్నే జాగర్త పడాలె" అని నాకే వివరించింది. నేను తలూపాను.

తర్వాత నాకు పాపభీతి పట్టుకుంది. రెండు గదులకు పనిమనిషి ఎందుకని మావారు అంటున్నా వినకుండా ఆమెను మా ఇంట్లో పెట్టుకున్నాను. ఇంటామె అడ్డు చెప్పలేదు. "మీ ఇష్టం. బీరువకు తాళం ఏస్కోన్రి" అంది. అందరిలా అనుమానించేదాన్ని కాదన్నట్టు ఒక నవ్వు నవ్వాను. పైకొచ్చి తాళం వేశాను.

మొదటి రోజు బోళ్లు తోమి, గదులు ఊడ్చి, వెళ్లేముందు ఆమె గుమ్మంలో ఆగింది. సంచి మూతి రెండు చేతులతో తెరిచి నా ముందు పట్టుకుంది. మొహంలో ఏమీ లేదు. కూరగాయల తూకం చూపించినట్టు చూపించింది.

"అయ్యో, నాకెందుకు చూపిస్తావు? వద్దు వద్దు" అన్నాను.

అన్నాను గాని, ఆ మాట పూర్తయ్యేలోపే నా కళ్లు సంచి అడుగుదాకా వెళ్లొచ్చాయి. డబ్బా, తువ్వాలు, చీటీ. ఆమె నా కళ్లనే చూస్తోంది. మూతి ముడిచి మెట్లు దిగింది.

రెండో రోజూ అంతే. పదో రోజూ అంతే. ఆమె తెరిచేది, నేను "వద్దంటే వినవేం" అనేదాన్ని, చూసేదాన్ని. ఒక్కరోజైనా మొహం తిప్పుకుందామనుకునేదాన్ని. అప్పటికప్పుడు వంటింట్లోకి వెళ్లిపోవచ్చు, కిటికీ వైపు తిరగొచ్చు. ఒక్కరోజు కూడా తిరగలేదు. ఆ పట్టీల సంగతి నా బుర్రలో ఎక్కడో కూర్చుని ఉంది. ఆమె పెట్టలేదని నాకు తెలుసు. తెలిసినా చూసేదాన్ని.

ఇరవై రోజులు గడిచాయేమో, ఒక మధ్యాహ్నం ఆమె పని ముగించి గుమ్మం దాకా వెళ్లింది. చంకలో సంచి లేదు. అన్నం డబ్బా లేదు. చెప్పులేసుకుంటోంది.

"సంచేదీ?" అన్నాను.

మామూలుగా అడిగాననే అనుకున్నాను. నా గొంతు నాకే వినపడింది. అది నేను క్లాసులో దొంగతనం చేసిన పిల్లను పట్టుకున్నప్పటి గొంతు.

ఆమె చెప్పు వేసుకోవడం ఆపి ఇటు తిరిగింది. "తెస్తలేను టీచరమ్మా. ఒద్దనిపించింది" అంది. ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. ఆమె రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు విప్పి చూపించింది. తర్వాత నెమ్మదిగా వాటిని తిప్పి చూపించింది. కొంగు కూడా విదిలించింది.

నేను చూశాను. అరచేతులూ చూశాను, కొంగూ చూశాను.